వెనెరాండా జజ్జా పది బిళ్లలు

వెనెరాండా జజ్జా కళ్లజోడు రోజుకి నాలుగుసార్లు పోతుంది. నాలుగుసార్లూ ఆమె తలమీదే దొరుకుతుంది. పొయ్యి మీద అరటికాయలు పెట్టి పక్కింటికి వెళ్లి, మాడు వాసన వస్తే "ఎవరిల్లో పాపం, వంట మాడబెట్టుకున్నారు" అని జాలిపడగల మనిషి. కానీ పంతొమ్మిది వందల డెబ్బై రెండు వానాకాలంలో కాళ్లు ముందొచ్చిన బిడ్డ ఎవరిది, ఆ తల్లికి ఎన్ని సీసాల రక్తం ఎక్కించారు, రక్తమిచ్చిన మేనమామ పేరేమిటి అని అడగండి. గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. మేనమామ సూదిని చూసి పారిపోబోతే ఆసుపత్రి వంటవాడు గేటు దగ్గర పట్టుకొచ్చిన సంగతి కూడా, అడక్కపోయినా, కలిపి చెబుతుంది.

ఊళ్లో సగం మందికి ఆమె జజ్జా, అంటే అవ్వ. మిగతా సగానికి నలోంగో, అంటే కవలల తల్లి. వెనెరాండా అన్న పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. ఆ పేరు ఆమె జీతం కాగితాల మీద మాత్రమే బతికింది.

మసాకా పట్నం పక్కన కొండమీది మిషన్ ఆసుపత్రిలో, కార్డుల గదిలో ముప్పై తొమ్మిదేళ్లు పనిచేసింది. ఇరవై ఒకటో ఏట చేరింది. గది నిండా రేకు పెట్టెలు, పెట్టెల నిండా తల్లుల కార్డులు. ఒక్కో తల్లికి ఒక కార్డు, ఒక్కో కార్డుకి ఒక నంబరు. ఎన్ని కాన్పులు, ఎవరికి రక్తం ఆగలేదు, ఎవరికి ఏ మందు పడదు, అంతా అందులోనే. ప్రమాదమున్న తల్లి కార్డు అంచుకి జజ్జా ఎర్ర పెన్సిలు గీత గీసేది. బిడ్డతో ఇంటికి వెళ్తున్న ప్రతి తల్లికీ కిటికీలోంచి ఒకటే మాట చెప్పేది. "నీ సంగతి నా దగ్గరుంది. నిశ్చింతగా పో."

ఆ కిటికీ పక్క గోడకి పది మేకులు, మేకులకి పది ఇత్తడి బిళ్లలు ఉండేవి. కార్డు కావలసిన నర్సు మేకు మీంచి ఒక బిళ్ల తీసి జజ్జాకి ఇవ్వాలి. జజ్జా కార్డు బయటికి లాగి, ఆ ఖాళీలో బిళ్ల పెట్టేది. కార్డు తిరిగొచ్చాక బిళ్ల మళ్లీ మేకుకి చేరేది. మేకుల మీద ఒక్క బిళ్లా లేదంటే పది కార్డులు బయట తిరుగుతున్నాయని లెక్క. పదకొండో నర్సు ఎంత తొందరలో ఉన్నా నిలబడాల్సిందే. "డాక్టరుగారు అడుగుతున్నారు నలోంగో" అంటే, "డాక్టరుగారి జేబులో బిళ్ల ఉందేమో చూసి రా" అనేది.

యుద్ధం వచ్చిన ఏడాది ఊరి మీద గుండ్లు పడుతుంటే అందరూ మేకల్ని, పరుపుల్ని మోసుకుని పరిగెత్తారు. ఈవిడ పెట్టెల్ని అరటితోటలోకి ఈడ్చి, ఆకులు కప్పి, వాటి పక్కనే కూర్చుంది. మేక మాత్రం పోయింది. మొగుడు బతికినన్నాళ్లూ ఆ మేక సంగతి ఎత్తి పొడుస్తూనే ఉన్నాడు.

రిటైరయ్యాక ఐదేళ్లు ఇంట్లో కూర్చుని కోళ్లనీ మనవలనీ సమానంగా తిట్టింది. అంతలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, పాత చేతిరాతలు చదవగల మనిషి ఆమె ఒక్కతే అని. ఎనభై తొమ్మిదిలో కంపాలాలో డేటాబేసుల మీద ఆరువారాల చదువు చదివి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒకటి ఆమెకి ఉంది. దాన్ని గోడమీంచి దింపి, దుమ్ము తుడిచి, చంకలో పెట్టుకుని కొండెక్కింది. దారిలో నలుగురు "ఎక్కడికి జజ్జా" అని అడిగేదాకా నెమ్మదిగానే నడిచింది.

అక్కడ ఆమె కోసం బబిర్యే జోవియా ఎదురుచూస్తోంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. బబిర్యే అంటే కవల ఆడపిల్లల్లో మొదట పుట్టినది, రెండోది నకాటో; మగపిల్లలైతే వాస్వా, కాటో. దీని నకాటో, అంటే చెల్లెలు, ఎక్కడో ఉత్తరాన గులూలో నర్సు. జోవియా కంప్యూటర్లో ప్రోగ్రాములు రాస్తుంది, మాట తక్కువ, గోళ్లు కొరుకుతుంది. మొదటిరోజే జజ్జా దాని పక్కన కుర్చీ లాక్కుని, వేయించిన మిడతల పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటే? దీని పేరు?"

"ఎక్స్‌ప్రెస్, జజ్జా. జావాస్క్రిప్ట్‌లో నడుస్తుంది. నర్సు తెర మీద పేరు కొడితే ఆ మాట ముందు దీనికే చేరుతుంది."

"కిటికీ దగ్గర కూర్చునే మనిషన్నమాట. అంటే నేను."

"అనుకో."

"మరి కార్డులు?"

"అవి పోస్ట్‌గ్రెస్‌లో. అది డేటాబేస్. పట్టికలు పట్టికలుగా దాస్తుంది."

"అది పెట్టెల గది. అంటే కిటికీ మనిషి లేచి, గదిలోకెళ్లి, వెతికి, తెచ్చివ్వాలి. ఎంత దూరం నడవాలి?"

"రెండూ ఒకే మెషీన్లో ఉన్నాయి జజ్జా. నడక లేదు."

"అదృష్టవంతురాలు. నా మోకాళ్లు ఆ నడకలోనే పోయాయి."

జోవియా మొదట తల్లుల పట్టికనీ కాన్పుల పట్టికనీ పేరుతో కలిపింది. జజ్జా చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "కవలల్లో పెద్దదానివి, నీకు నేను చెప్పాలా? రెస్టితూటా అని ఒకావిడ ఉండేది. కవలలు పుట్టగానే ఆవిడ నలోంగో. వాళ్లకి ముందు పుట్టినవాడు ఆ రోజు నుంచి కిగోంగో. తర్వాత పుట్టేవాళ్లు కిజ్జా. ఒక్క కాన్పుకి ఇంట్లో అందరి పేర్లూ మారిపోతాయి. నీ కిటికీ మనిషి ఎవర్ని ఏమని వెతుకుతుంది?" దాంతో పట్టికలన్నీ కార్డు నంబరుతో ముడిపడ్డాయి. పేర్లు వేరే పట్టికలోకి వెళ్లాయి, ఒక్కో మనిషికి ఎన్ని పేర్లుంటే అన్ని. ఆ ఆలోచన తనదేనని జజ్జా ఆ వారమంతా చర్చిలో కూడా చెప్పింది.

రెండేళ్లు అలా గడిచాయి. జజ్జా కార్డు చదివి కొట్టేది, జోవియా ప్రోగ్రాము రాసేది, సాయంత్రం ఇద్దరూ అల్లం టీ తాగేవాళ్లు. ఒక మిడత కాలు కీబోర్డులో ఇరుక్కుని నాలుగురోజులు 'కె' అక్షరం పడలేదు. కిజ్జాలు, కిగోంగోలు, కాటోలు అందరూ ఆ నాలుగురోజులు పుట్టకుండా ఆగారు. ఇప్పుడు తలుచుకుంటే జజ్జాకి తన ఉద్యోగం ముప్పై తొమ్మిదేళ్లకంటే ఈ రెండేళ్లే ఎక్కువ గుర్తొస్తాయి. వానపడితే రేకు కప్పు మోత, కార్డుల పాత కాగితం వాసన, పక్కన గోళ్లు కొరికే చప్పుడు.

జోవియా ఒక పని మాత్రం ఎవరూ అడక్కుండానే చేసింది. కవలల్లో ఒకరిని వదిలి ఒకరిని పిలిచినా, ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోయినా మంచిది కాదు. ఒంటి మీద బొబ్బలు లేస్తాయంటారు. అందుకని వెతికిన తల్లికి కవలలున్నారని తేలితే చాలు, మామూలు పేజీ జోలికి పోకుండా నేరుగా కవలల పేజీ తెరుచుకునేలా రాసింది. అందులో ఇద్దరి పేర్లూ పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో వస్తాయి. జజ్జా స్కేలు తెచ్చి తెర మీద పెట్టి కొలిచింది. సమానంగానే ఉన్నాయి. జోవియా నెత్తిన ముద్దు పెట్టింది.

కార్డులన్నీ ఎక్కడం పూర్తయిన వారంలోనే సిస్టర్ పుల్కేరియా గదిలోకొచ్చింది. ఆసుపత్రి మొత్తం ఆవిడ చేతికింద నడుస్తుంది. ఆవిడ పుట్టిందీ ఆ ఆసుపత్రిలోనే. ఆ సంగతి జజ్జా ఆవిణ్ని మర్చిపోనివ్వదు.

"నలోంగో, నెలలు నిండని పిల్లల కోసం మెషీన్లు వచ్చాయి. వాటికి ఈ గది కావాలి. శుక్రవారం పెట్టెలు తీసేయాలి."

"తీసి ఎక్కడ పెడతారు?"

"పెట్టడానికి చోటెక్కడుంది. సగం చెదలు తినేశాయి. వంటింటి వెనక కాల్చేయమన్నాను. అంతా కంప్యూటర్లోకి వచ్చేసిందిగా."

జోవియా గోళ్లు కొరకడం ఆపేసింది.

"వచ్చేసింది," అంది జజ్జా. "అందరూ వచ్చేశారు. తొమ్మిది పౌన్లతో పుట్టి మీ అమ్మని రెండురోజులు ఏడిపించిన మీరు కూడా."

"అయితే సోమవారం నుంచి నర్సులు దీంతోనే పని చేస్తారు. నడిస్తే చూద్దాం," అని సిస్టర్ వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున నడిచింది. నర్సులు పేరు కొట్టడం, కార్డు తెర మీదికి రావడం. బరువు చూసే గదిలో ఒకసారి, డాక్టరు గదిలో ఒకసారి, మందుల దగ్గర ఒకసారి, ఒక్కో తల్లికి మూడుసార్లు. జజ్జా తలుపు దగ్గర స్టూలు వేసుకుని పెళ్లికూతురి తల్లిలా కూర్చుంది. పదకొండు కావొస్తుండగా తెరలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. తెల్లగా ఉన్న పేజీ మీద చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు.

జోవియా పరుగున వెళ్లి సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది. వెంటనే అన్నీ వచ్చేశాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండున్నరకి మళ్లీ చక్రం.

అదే సమయానికి సిస్టర్ పుల్కేరియా వచ్చింది. నర్సుని లేపి, తనే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాళ్లమ్మ పేరు కొట్టింది. రెస్టితూటా. ఆవిడ పోయి అప్పటికి పదేళ్లు. చక్రం తిరిగింది. గదిలో అందరూ ఆ చక్రాన్నే చూస్తూ నిలబడ్డారు.

"మా అమ్మేదీ?" అంది సిస్టర్.

సిస్టర్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"జోవియా, గురువారం గర్భిణుల రోజు. అరవై మందొస్తారు. పొద్దున్నుంచి చివరి తల్లి వెళ్లేదాకా ఇది ఆగకుండా నడవాలి. ఆగిందా, శుక్రవారం కొత్త పుస్తకాలు తెరిచి మళ్లీ మొదట్నుంచి రాసుకుంటాం."

"పాత సంగతులు?" అంది జజ్జా.

"ఎవరికి గుర్తున్నంత వాళ్లు చెబుతారు."

"మరి పెట్టెలు? నడిచేదాకా ఉంచండి సిస్టర్. ఒక్క నెల."

"శనివారం సున్నం వేసేవాళ్లు వస్తున్నారు నలోంగో. ఆ నెలలు నిండని పిల్లల్లో నిన్న ఒక బిడ్డ చలికి పోయింది. మీకు పెట్టెలు, నాకు ఆ పిల్లలు. ఏం చేయను చెప్పండి."

సిస్టర్ మాటలో తప్పుంటే కదా, దెబ్బలాడ్డానికి.

ఆ రోజు ఇంటికొచ్చి అరటికాయలు మాడబెట్టలేదు. అసలు పొయ్యే వెలిగించలేదు. ఎర్ర గీతల కార్డులు ఒక్కొక్కటీ కళ్లముందుకొచ్చాయి. నకిమెరాకి రెండు కాన్పుల్లోనూ రక్తం ఆగలేదు, మూడోది కడుపులో ఉంది. ఆ పిల్లకి ఎవరేమడిగినా "బాగానే ఉన్నాను" అనడం ఒక్కటే వచ్చు. కార్డు కాలిపోయి, తెర మీద చక్రం తిరుగుతుంటే, ఆ పిల్ల ఎవరికి ఏం చెబుతుంది? నీ సంగతి నా దగ్గరుంది అని కిటికీలోంచి చెప్పింది తను. ఒక్కరికి కాదు, పదకొండువేల మందికి.

మంగళవారమంతా జోవియా వెతికింది. పట్టికలు చూసింది, వైర్లు చూసింది, మెషీను వేడెక్కుతోందేమోనని దానికి ఫ్యాను పెట్టింది. తను ఒక్కతే కూర్చుని ఎన్ని పేర్లు కొట్టినా చక్కగా వస్తాయి. ఏదైనా చిన్న మార్పు చేస్తుంది, సర్వర్ ఆపి మొదలుపెడుతుంది, నాలుగు పేర్లు కొడుతుంది, వస్తాయి. మళ్లీ మార్పు, మళ్లీ ఆపడం, మళ్లీ నాలుగు పేర్లు. సాయంత్రానికి దాని వేళ్లకి కొరకడానికి గోళ్లు మిగల్లేదు.

బుధవారం మధ్యాహ్నం వాన. జోవియా బల్ల మీద తల పెట్టేసింది.

"నేను కంపాలా వెళ్లిపోతాను జజ్జా. నాకిది రాదు."

"వానలో బస్సులు ఉండవు. మిడతలు తిను."

జజ్జా చేతిలో పాత నోటుపుస్తకం ఉంది. కిటికీ దగ్గరున్నన్నాళ్లూ ఎవరు ఏ కార్డు అడిగినా టైముతో సహా అందులో రాసుకోవడం అలవాటు. సోమవారం తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని కూడా, ఎవరూ చెప్పకపోయినా, నర్సులు పిలిచిన ప్రతి పేరూ రాసింది. కవలల తల్లి పేరు పక్కన రెండు నిలువు గీతలు పెట్టడం మరో అలవాటు. ఊరికే కూర్చోలేక ఆ గీతలు లెక్కపెడుతోంది. కళ్లజోడు కనబడక పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుంది.

"పొద్దున ఆగేదాకా కవలల తల్లుల్ని పదిసార్లు అడిగారు," అంది.

పేజీ తిప్పింది.

"మధ్యాహ్నం నువ్వు మళ్లీ మొదలుపెట్టాక, ఆగేదాకా..." వేలు కిందికి జరిగింది. "పది."

"అయితే?"

"మామూలు తల్లులేమో పొద్దున నలభైరెండు, మధ్యాహ్నం డెబ్బైమూడు. అవి కలవలేదు. కవలలవే కలిశాయి. పదీ పదీ." జజ్జా పుస్తకం దించింది. "అవునే, నీ కిటికీ మనిషి పెట్టెల గదిలోకి ఎన్ని దారుల్లో వెళ్తుంది?"

"దారులంటే?"

"ఒకేసారి ఎంతమంది లోపలికెళ్లొచ్చు?"

"అదా. కనెక్షన్లు. ప్రతిసారీ కొత్తది తెరవడం ఆలస్యమని కొన్ని తెరిచి ఉంచుతాం. ఒకటి తీసుకుని, పని అయ్యాక తిరిగి పెట్టేయాలి. మనం ఏమీ చెప్పకపోతే..." జోవియా తల ఎత్తింది. "పది ఉంటాయి."

జజ్జా లేచి గోడ దగ్గరికెళ్లింది. మేకుల మీద పది బిళ్లలూ దుమ్ము పట్టి వేలాడుతున్నాయి. ఒకటి తీసి చీర లాంటి తన గోమెసి నడికట్టుతో తుడిచింది.

"డెబ్బై ఒకటిలో," అని మొదలుపెట్టింది. మామూలుగా అయితే జజ్జా 'డెబ్బై ఒకటిలో' అనగానే మనవలందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. జోవియా మాత్రం కదల్లేదు.

"అప్పుడు నేను చేరి రెండేళ్లు. ఒకరోజు చూస్తే మేకుల మీద ఒక్క బిళ్ల లేదు. కిటికీ దగ్గర నర్సులు బారు తీరారు. తెల్ల మాట్రన్ వచ్చి నా మీద విరుచుకుపడింది. కార్డులన్నీ లోపలే ఉన్నాయి, బిళ్లలు లేవు. నేనే దొంగిలించి గాజులు చేయించుకున్నానంది. రెండురోజులు వెతికాను. ఎక్కడున్నాయో తెలుసా? పెట్టెల్లోనే. కార్డు తీసిన చోటే."

"కార్డు తిరిగొచ్చినా?"

"అక్కడికి రాలేదే. కవలలు పుట్టిన తల్లి కార్డు మామూలు పెట్టెలోకి పోదు, వేరే పెట్టె, ఎర్ర రిబ్బను కట్టింది. నర్సు సంబరంగా వచ్చేది, కవలలు, కవలలు అనుకుంటూ. కార్డు నేరుగా ఎర్ర రిబ్బను పెట్టెలో పడేసి, అక్కణ్నుంచే అందరికీ చెప్పడానికి పరిగెత్తేది. పాత చోట బిళ్ల పాత చోటే. ఎవరు తీస్తారు? అలా పది మంది కవలల తల్లులు. దాంతో ఆసుపత్రి మొత్తం ఆగింది."

జోవియా తను రాసిన ప్రోగ్రాము తెరిచింది. ఒక్కో వరసా వేలు పెట్టి పైకి చదివింది. "కనెక్షన్ తీసుకో. తల్లిని వెతుకు. కాన్పులు తెచ్చి కలుపు. కవలలుంటే కవలల పేజీకి పంపి ఇక్కణ్నుంచే వెళ్లిపో. లేకపోతే మామూలు పేజీ చూపించు. కనెక్షన్ తిరిగి పెట్టేయ్." అక్కడ ఆగింది. మళ్లీ చదివింది. "జజ్జా, తిరిగి పెట్టేది ఆఖరి వరసలో ఉంది. కవలలుంటే అక్కడిదాకా రావడమే లేదు. పైనుంచే వెళ్లిపోతోంది."

"సంబరంగా."

"నేను రోజూ ఆపి మొదలుపెడుతుంటాను కదా, అందుకే ఎప్పుడూ పది దాకా చేరలేదు." జోవియా కళ్లు తుడుచుకుంది. "మామూలు పేజీకే పంపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మర్యాద చేయబోయాను."

"మర్యాద తప్పు కాదు. బిళ్ల మర్చిపోవడం తప్పు."

"పోనీ, పదిని వంద చేసేస్తే? ఒక్క అంకె మారిస్తే చాలు. గురువారం గట్టెక్కుతుంది."

"మాట్రన్ కూడా అదే అంది, ఇంకో పది బిళ్లలు చేయిద్దామని. చేయిస్తే ఇవాళ ఆగేది ఎల్లుండి ఆగుతుందమ్మా అన్నాను. మా నర్సులకి నేను పెట్టిన నియమం ఒకటే. ఎక్కడికైనా పో, ఎవరికైనా చెప్పుకో, ముందు బిళ్ల మేకుకి తగిలించి పో."

జావాస్క్రిప్ట్‌లో దానికి సరిపడే ఏర్పాటు ఒకటుంది. పని ఏ దారిన ముగిసినా, మధ్యలో వెళ్లిపోయినా, తప్పు జరిగి చెడినా సరే, చివరికి ఫలానా పని చేసే తీరాలి అని రాసిపెట్టొచ్చు. జోవియా కనెక్షన్ తిరిగి పెట్టే వరసని ఆ చివరి గడిలోకి మార్చబోయింది. మార్చే ముందు జజ్జా ఆపింది, జబ్బు అదేనని ముందు రుజువు కావాలని. పాత ప్రోగ్రాము మీదే కవలల తల్లి పేరు పదిసార్లు కొట్టించింది. వచ్చింది. పదకొండోసారి చక్రం తిరిగింది. ఇద్దరూ ఆ చక్రాన్ని చూసి, అప్పటిదాకా దాని మొహం చూడలేనివాళ్లు, చుట్టాన్ని చూసినట్టు నవ్వారు. కొత్తది పెట్టి నలభైసార్లు కొట్టారు. నలభైసార్లూ తల్లి వచ్చింది, పిల్లలిద్దరూ పక్కపక్కన వచ్చారు. నలభై ఒకటోసారి జజ్జా తనే కొట్టింది, తన పేరు. వాస్వా, నకాటో, డెబ్బై నాలుగు ఏప్రిల్, ఐదున్నర పౌన్లు ఒకరు, ఐదు పౌన్లు ఒకరు. అప్పుడు తనే రాసిన కార్డు, తనే ఎక్కించిన కార్డు. అయినా తెర వైపు చాలాసేపు చూసింది.

"కళ్లజోడు లేకుండా ఎలా కనబడుతోంది జజ్జా?"

"కనబడ్డం లేదు. గుర్తుంది."

కళ్లజోడు తలమీదే ఉందని జోవియా అప్పుడు చెప్పింది.

గురువారం అరవై మంది కాదు, డెబ్బై ఒక్కమంది వచ్చారు. వాన వెలిసిన మర్నాడు దారులు బాగుంటే అంతే. జజ్జా స్టూలు మీద, ఒళ్లో నోటుపుస్తకం. రెండు నిలువు గీతలు పది దాటాయి. జోవియా వచ్చి భుజం మీంచి చూసింది. పదకొండు, పన్నెండు. లెక్క పద్దెనిమిదికి చేరినప్పుడు నకిమెరా వచ్చింది. నర్సు ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నాను" అంది. నర్సు పేరు కొట్టింది. తెర అంచున ఎర్ర గీత. నర్సు కుర్చీలోంచి లేచి, నకిమెరా చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి తీసుకెళ్లింది. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరున్న ముసలావిడకి దణ్ణం పెట్టింది, ఎందుకో తెలియకుండానే. జజ్జా పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయింది.

చివరి తల్లి వెళ్లాక సిస్టర్ పుల్కేరియా వచ్చి కూర్చుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. చక్రం సగం తిరగకుండానే వచ్చేసింది. నలోంగో రెస్టితూటా. పక్కపక్కన వాస్వా, కాటో. కింద పుల్కేరియా కిజ్జా, తొమ్మిది పౌన్లు.

"తొమ్మిదేనా నిజంగా?" అంది సిస్టర్.

"తొమ్మిదీ పావు. మీ పరువు కోసం పావు తగ్గించి రాశాను."

శుక్రవారం పొద్దున పెట్టెలు ఒక్కొక్కటే వంటింటి వెనక్కి వెళ్లాయి. జజ్జా అడ్డుపడలేదు. ఏ పెట్టె ముందు, ఏది తర్వాత అని మాత్రం తనే చెప్పింది. అరటితోటలో తన పక్కన కూర్చున్న పెట్టెల్ని ఆఖర్న పంపింది. కార్డులు బాగా ఎండి ఉన్నాయేమో, పొగ పెద్దగా లేకుండా కాలాయి. వంటవాళ్లు ఆ నిప్పుల మీదే కెటిల్ పెట్టి టీ కాచి అందరికీ పోశారు. జోవియా తాగలేకపోయింది. జజ్జా రెండు కప్పులు తాగింది.

ఆఖరి పెట్టె మూత తీయబోతుంటే సిస్టర్ మెల్లిగా పక్కకొచ్చింది.

"నలోంగో, అమ్మ కార్డు ఇందులోనే ఉందా?"

"ఉంది."

"అది నాకు ఇస్తారా?"

జజ్జా చూడకుండానే పెట్టెలో చెయ్యి పెట్టి కార్డు బయటికి లాగింది. అంచు చెదలు కొరికాయి, రాత బాగానే ఉంది. సిస్టర్ చెయ్యి చాచింది. జజ్జా ఇవ్వలేదు.

"బిళ్ల?"

"ఏంటి?"

"బిళ్ల లేకుండా ఈ కిటికీలోంచి ఒక్క కార్డు బయటికి పోలేదు. మీరు పుట్టకముందు నుంచీ ఉన్న నియమం."

సిస్టర్ పుల్కేరియా, నూట ఇరవై మంది ఉద్యోగుల్ని నిలబెట్టి మాట్లాడే మనిషి, ఖాళీ గదిలోకి వెళ్లి, మేకు మీంచి ఒక ఇత్తడి బిళ్ల తీసుకొచ్చి జజ్జా చేతిలో పెట్టింది. జజ్జా దాన్ని కార్డు తీసిన చోట పెట్టబోయింది. ఆలోపే వంటవాళ్లు పెట్టెలో మిగతా కార్డుల్ని నిప్పులో పోసేశారు. కాసేపు బిళ్ల పట్టుకుని అలాగే నిలబడి, నడికట్టులో దోపుకుంది.

గదిలో ఇప్పుడు గాజుపెట్టెల్లో పిడికెడంత పిల్లలు పడుకుని ఉంటారు. జోవియా కంపాలా వెళ్లిపోయింది, క్రిస్మస్‌కి నకాటోని కూడా వెంటబెట్టుకొస్తుంది, జజ్జా ఇద్దరికీ సమానమైన కోడిముక్కలు స్కేలుతో కొలిచి పెడుతుంది. మేకులూడదీసి తెచ్చి జజ్జా తన వంటింటి గోడకి కొట్టించుకుంది. తొమ్మిది మేకులకి తొమ్మిది బిళ్లలు. పదోది నడికట్టులోనే ఉంటుంది. బట్టలు ఉతికిన రోజు తీసి కొత్త నడికట్టులో పెడుతుంది. ఆ పని ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఏడాదికొకసారైనా సిస్టర్ కొండ దిగి చూడ్డానికొస్తుంది. గడపలో చెప్పులు విడవకముందే లోపల్నుంచి ప్రశ్న వస్తుంది.

"కార్డు తెచ్చారా?"

"ఇంకా చదవడం అవలేదు నలోంగో."

"ఒక్క కాగితం చదవడానికి ఇన్నేళ్లా. సరే, కూర్చోండి. ఏదో మాడుతున్నట్టుంది, ఎవరింట్లోనో."